పాట ఉంది, వరస పోయింది

మా హాస్టల్ ఫ్లోర్‌లో పాటలు చేసేవాళ్ళం ఏడుగురం. అందులో ల్యాప్‌టాప్‌లో చేసేది ఒక్కడే. మిగతా ఆరుగురం ఫోన్ మీదే. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, మంచం మీద బోర్లా పడుకుని, బొటనవేళ్ళతో బీట్ వేస్తాం. ఈ వ్యాసం రాద్దామనుకున్నాక మిగతా ఐదుగురి ఫోన్లూ అడిగి తీసుకుని చూశాను. నాదీ కలిపి ఆరింటిలోనూ "ఫైనల్" అనే ఫైలుంది. నాలుగింటిలో "ఫైనల్ ఫైనల్" ఉంది. ఒకడి దగ్గర "ఫైనల్ 2 నిజంగా", దాని కింద "ఫైనల్ 2 నిజంగా కొత్తది". ఏది అసలుదిరా అంటే వాడు రెండూ వినిపించి, "ఏమో మామా, ఒకేలా ఉన్నాయి కదా" అన్నాడు.

నవ్వే హక్కు నాకు లేదు. వాడి దగ్గర ఎక్కువ ఫైళ్ళున్నాయి, నా దగ్గర ఉండాల్సిన ఒక్కటి లేదు. అది ఎట్లా పోయిందో ముందు చెప్తాను. నా అభిప్రాయం దాని తర్వాత.

సాహిత్య పత్రికలో ఫోన్ స్టోరేజ్ గోల ఏంటని ఎడిటర్ అక్క కూడా అడిగింది. చదివాక వెయ్యాలో వద్దో నీ ఇష్టం అక్కా అన్నాను. నేను ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగులో పొరపాట్లుంటే క్షమించండి. అక్క కొన్ని దిద్దింది, కొన్ని నా మొండితనం వల్ల మిగిలాయి.

మాది దొరవారిసత్రం. సూళ్ళూరుపేటకీ నాయుడుపేటకీ మధ్యలో, హైవే మీద, గూడూరు–చెన్నై రైలు లైను పక్కన ఉంటుంది. మీలో ఎక్కువమంది చెన్నై పోతూ కిటికీలోంచి బోర్డు చూసి వదిలేసుంటారు. నేలపట్టు గూడబాతుల గురించి వినుంటే, అది మా మండలమే. ఈఏపీసెట్ రాసి ఖాళీగా ఉన్న వేసవిలో నాకు రికార్డింగ్ పిచ్చి పట్టింది. ఫోన్ పట్టుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. లారీ హారన్లు, రోలు శబ్దం, స్టేషన్‌లో గంట, ఏది దొరికితే అది.

రామమందిరంలో శనివారం రాత్రి భజన జరుగుతుంది. అక్కడ హార్మోనియం వాయించే తాత ఒకాయన ఉన్నాడు. నాకు వరసకి తాత కాడు, ఊళ్ళో అందరం తాత అనే పిలుస్తాం. ఒకరోజు భజన అయిపోయాక, లారీల రద్దీ కాస్త తగ్గాక, ఆయన్ని కూర్చోబెట్టి ఒక తత్వం వాయించమన్నాను. పల్లవి, మూడు చరణాలు. పాడుతూ వాయించాడు. ఆరు నిమిషాలు. ఫోన్‌ని చాప మీద, పెట్టెకి జానెడు దూరంలో పెట్టాను. ఆయన కాలితో తాళం వేస్తుంటే అది కూడా రికార్డయింది.

ఆ పెట్టె శ్రుతి నా యాప్‌లోని పియానోకి కలవలేదు. ప్రపంచమంతా 440 హెర్ట్జ్ దగ్గర పెట్టుకునే స్వరం ఆయన పెట్టెలో కొంచెం కిందికి ఉంది. లయ కూడా యాప్‌లోని గళ్ళకి కుదరదు. చరణం చివర ఆయన ఆగి, ఊపిరి పీల్చి, తీరిగ్గా పల్లవికి వస్తాడు. నేనేం చేశానంటే, పల్లవిలో ఒక ఇరవై సెకన్ల ముక్క కోశాను. శ్రుతి పైకి లాగాను. లయ సాగదీసి గళ్ళలో కూర్చోబెట్టాను. దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, కింద ట్రాప్ బీట్ వేసి, పైన బోలెడంత రివర్బ్ పోశాను. రెండు నిమిషాల పాట తయారైంది. ఇన్‌స్టాలో పెడితే ఊళ్ళో పిలకాయలు తెగ షేర్ చేశారు. తాతకి కూడా వినిపించాను. విని, "బాగుండాదబ్బయ్యా" అన్నాడు. అప్పుడు నిజంగానే బాగుందన్నాడనుకున్నాను.

తర్వాత జరిగింది చాలా మామూలు విషయం. నా ఫోన్ 64 జీబీది. నిండిపోయింది. రికార్డర్‌లో ఉన్న ఆరు నిమిషాల ఫైలు మ్యూజిక్ యాప్‌లోకి ఎక్కించేశాను కదా, ఇంక ఇక్కడెందుకు, డూప్లికేటే కదా అని రికార్డర్‌లోది డిలీట్ చేశాను. రెండు నెలల తర్వాత కాలేజీలో చేరే హడావిడిలో, ఆ మ్యూజిక్ యాప్‌నే తీసేశాను. డేటా కూడా పోతుందని స్క్రీన్ మీద వచ్చే ఉంటుంది. నేను చదవకుండా ఓకే నొక్కాను. ఆండ్రాయిడ్‌లో యాప్‌కి సొంతంగా ఒక ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో పెట్టుకున్నవి, యాప్ తీసేస్తే దాంతోపాటే పోతాయి. అద్దె ఇల్లు ఖాళీ చేస్తే గోడకి కొట్టిన అలమర కూడా పోయినట్టు. ఇది ఎవరి తప్పూ కాదు, నాదే. కంప్యూటర్ సైన్స్ చదవబోతున్నవాడికి ఆ మాత్రం తెలియాలి.

మొన్న దసరా సెలవులకి ఊరికి పోయినప్పుడు తాత మా ఇంటికొచ్చాడు. కుడి చేతి రెండు వేళ్ళు సరిగా వంగట్లేదు ఆయనకి. వాయించడం మానేసి ఏడాది కావస్తోందట. మందిరంలో కుర్రాళ్ళు కీబోర్డ్ కొన్నారు.

"అబ్బయ్యా, ఆ పొద్దు నువ్వు ఫోన్లో పట్టినావే, ఆ పాట ఉండాదా? పిలకాయలు నేర్చుకుంటామని అడగతా ఉండారు. మాటలు నోటుబుక్కులో ఉండాయి. వరస చెప్దామంటే నాకు ఇప్పుడు సరిగా రాలా."

ఉంది తాతా అని, ఇన్‌స్టాలోది పెట్టాను. రెండు నిమిషాలూ ఓపిగ్గా విన్నాడు.

"ఇది నీ పాట. నా పెట్టె యాడుండాది? చరణాలు యాడుండాయి?"

ఏం చెప్పాలి? తీసేశాను అని చెప్పడానికి నోరు రాలేదు. వెతికి ఇస్తానని అబద్ధం చెప్పాను. రెండు రోజులు నిజంగానే వెతికాను. పోయిన ఫైళ్ళు తిరిగి తెచ్చే యాప్‌లు మూడు ఎక్కించాను. పాత పెళ్ళి ఫొటోల చిన్న చిన్న బొమ్మలు చాలా వచ్చాయి, పాట రాలేదు. ఫోన్‌లో వాట్సాప్ ఫోల్డర్ ఎంతుందో అప్పుడు చూశాను. తొమ్మిది జీబీ. గుడ్ మార్నింగ్ బొమ్మలు, క్రికెట్ మీమ్‌లు, ఎవరిదో బర్త్‌డే కేకు మీద స్ప్రే కొట్టే వీడియో. అవన్నీ భద్రంగా ఉన్నాయి. తాత వాయించిన ఆరు నిమిషాలు ఎంత అనుకుంటున్నారు? సీడీ నాణ్యతలో రికార్డ్ చేస్తే సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కోటి రెండు బైట్లు, ఎడమా కుడీ రెండు చానెళ్ళు. నిమిషానికి దాదాపు పదిన్నర ఎంబీ. ఆరు నిమిషాలకి 63 ఎంబీ. అంతే.

ఇప్పుడు నా అభిప్రాయం. మనం ఫోన్‌లో దాచుకుంటున్నది పాటని కాదు, పాట ఫొటోని. నాలుగు నిమిషాల పాటకి పన్నెండు ట్రాక్‌లుంటే వేవ్ ఫైళ్ళు కలిపి 500 ఎంబీ దాటుతాయి. అదే పాట మామూలు ఎంపీత్రీగా నాలుగు ఎంబీ లోపే. ఫోన్ నిండగానే మన చెయ్యి పెద్దదాని మీదికే పోతుంది. పెద్దది తీసేస్తాం, చిన్నది ఉంచుతాం. అప్‌లోడ్ చేసేశాం కదా, పాట ఎక్కడికి పోతుంది అనుకుంటాం. కానీ ఉడికిన పులుసులోంచి చింతపండు వెనక్కి తియ్యలేం. మిక్స్ అయిపోయిన పాటలోంచి హార్మోనియం కూడా అంతే. ఇప్పుడు ఏఐతో గొంతునీ వాద్యాన్నీ విడగొట్టే టూల్స్ ఉన్నాయి, నేనూ వాడి చూశాను. ఉన్నదాన్ని కొంతవరకు విడగొడతాయి. నేను అసలు పెట్టనే పెట్టని మూడు చరణాల్ని ఎక్కణ్ణుంచి తెస్తాయి?

మా రూమ్‌మేట్ వాదన వేరే. ప్రాజెక్ట్ ఫైలు ఉంది కదరా, అది చాలు అంటాడు. ప్రాజెక్ట్ ఫైలు చాలా చిన్నగా ఉంటుంది, కొన్ని యాప్‌ల్లో కేబీల్లోనే. ఎందుకంత చిన్నదో ఆలోచించండి. దాంట్లో శబ్దం ఉండకపోవచ్చు. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైలుంది, దాన్ని మూడో సెకను నుంచి వాయించు అని చిరునామా మాత్రమే ఉంటుంది. ఫైలు కదిపితే చిరునామా చెల్లదు.

మా ఊరితో చెప్తే బాగా అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు దొరవారిసత్రం నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఊరు అంగుళం కదల్లేదు. రోడ్డు అదే, చెరువు అదే, గూడబాతులు అవే చెట్ల మీద గూళ్ళు కడుతున్నాయి. పాత్ మాత్రం మారింది. నా ఆధార్‌లో ఇప్పటికీ పాత పాతే ఉంది. ఫారం నింపేటప్పుడు డ్రాప్‌డౌన్‌లో నెల్లూరు కింద మా మండలం కనపడక, "ఊరే తీసేశార్రా" అని మా నాన్న కాసేపు కంగారుపడ్డాడు. మీ ప్రాజెక్ట్ తెరిచినప్పుడు "శాంపిల్ దొరకలేదు" అని వచ్చేది సరిగ్గా ఇదే. మనుషులైతే అడిగి తెలుసుకుంటారు. యాప్ అడగదు, ఆ ట్రాక్‌ని మౌనంగా వదిలేస్తుంది.

ఇది ఈ కాలం జబ్బు అనుకున్నాను. కాదు. మా కొత్త జిల్లా కొండ మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది.

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రాశాడని చెప్తారు. తాళ్ళపాక వాళ్ళు వాటిని రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రపరిచారు. స్టోరేజ్ అంటే అదీ. చార్జింగ్ అక్కర్లేదు, ఫార్మాట్ చెల్లకపోవడం లేదు, శతాబ్దాలు ఒక గదిలో ఉన్నా చదవడానికి వీలైంది. ఇప్పుడు దొరికినవి ఆ మొత్తంలో సగం కూడా కాదు, అయినా వేల పాటలు. కానీ రేకు మీద ఏముంది? పాట మాటలు, పైన రాగం పేరు. ఆయన దాన్ని ఏ వరసలో పాడాడో, ఎక్కడ ఆగాడో, ఎక్కడ సాగదీశాడో లేదు. మనం ఇవాళ వింటున్న వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్ళు ఆ మాటలకి మళ్ళీ సంగీతం కట్టారు. గొప్ప వరసలే, మా అమ్మ పొద్దున్నే పెట్టేది అవే. అన్నమయ్య వరసలు మాత్రం కావు. పైగా రేకుల మీద ఉన్న రాగాల్లో కొన్ని ఇప్పుడు వాడుకలో లేవు. కొండమలహరి అని రాసుంటుంది. పేరుంది, పాడేవాళ్ళు లేరు. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్ట్ తెరుచుకుంది, ప్లగిన్ లేదు.

దీన్ని తప్పని అనట్లేదు. అప్పట్లో శబ్దాన్ని పట్టుకునే యంత్రం లేదు. ఆ కాలానికి వాళ్ళు చేయగలిగినదానికన్నా ఎక్కువే చేశారు. మన జేబులో ఆ యంత్రం ఉంది. ఉండి కూడా మన హార్మోనియం తాతకి మాటల నోటుబుక్కు మాత్రమే మిగిల్చాం అంటే ఏమనాలి?

త్యాగయ్య (1767–1847) విషయం ఇంకోలా ఉంది. ఆయన పాటలు రాగి మీద కాదు, మనుషుల మీద దాచారు. తిల్లైస్థానం, ఉమయాల్పురం, వాలాజాపేట అని మూడు శిష్యపరంపరలు. గురువు పాడిందాన్ని శిష్యుడు నేర్చుకుని, తన శిష్యుడికి చెప్పి, అట్లా వరసలతో సహా వచ్చాయి. మూడు చోట్ల మూడు రకాలుగా కొంచెం కొంచెం మారాయి కూడా. దాన్ని పాఠాంతరం అంటారని మా సంగీతం క్లబ్ సీనియర్ చెప్పింది. వెర్షన్ కాన్‌ఫ్లిక్ట్‌కి ఇంత అందమైన తెలుగు మాట ఉందని నాకు బీటెక్ రెండో ఏడాదిలో తెలిసింది. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఊరవతల ఉండాలి అని బ్యాకప్ గురించి ఒక పాత సూత్రం ఉంది, మూడు రెండు ఒకటి అంటారు. త్యాగయ్య శిష్యులు తెలియకుండానే దాదాపు అదే చేశారు.

ఇక్కడ మీరు క్లౌడ్ అంటారు. నిజమే, వాడాలి. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ డ్రైవ్‌కి మాత్రమే కాదు, మెయిల్‌కీ ఫొటోలకీ కలిపి. పన్నెండు ట్రాక్‌ల పాటలు ముప్పై పెడితే మెయిల్ రావడం ఆగిపోతుంది, ప్లేస్‌మెంట్ సీజన్‌లో అది సరదాగా ఉండదు. రెండు, సింక్ వేరు, బ్యాకప్ వేరు. సింక్ పెట్టిన ఫోల్డర్‌లో ఫోన్‌లో తీసేస్తే అక్కడా పోతుంది. డ్రైవ్ బిన్‌లో 30 రోజులుంటుంది, తర్వాత అదీ ఉండదు. నేను తాత ఫైలు తీసేశానని తెలుసుకుంది ఏడాది దాటాక.

ఎవరో ఒక కంపెనీ సర్వర్‌లో ఉంది కాబట్టి ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకం గురించి ఒక్క మాట. మైస్పేస్ అనేది మన చిన్నప్పటికే పాతబడిపోయిన సైట్. ఒకప్పుడు కొత్తగా పాటలు చేసే కుర్రాళ్ళందరూ పాటలు పెట్టుకున్నది అక్కడే. 2019లో వాళ్ళు సర్వర్లు మార్చేటప్పుడు పాత పాటలు పోయాయని చెప్పారు. 5 కోట్లకు పైనే అని అప్పటి వార్తలు. వాటిలో ఎన్నింటికి అదొక్కటే కాపీయో.

సీఎస్‌ఈ వాళ్ళు గిట్ వాడొచ్చు కదా అంటారని తెలుసు. నేనూ ప్రయత్నించాను. కోడ్‌కి చేసినంత బాగా శబ్దానికి చెయ్యదు. వేవ్ ఫైల్లో ఒక్క సెకను మార్చినా మొత్తం మళ్ళీ దాస్తుంది, గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు. మన డీబీఎంఎస్ సార్ దగ్గర దీని గురించి గంటసేపు మాట్లాడొచ్చు, పాట మాత్రం సేవ్ అవ్వదు.

మరి నేనేం చేస్తున్నాను? పెద్ద విద్యేం కాదు. పాటకో ఫోల్డర్, అది ఏ యాప్‌దీ కాని మామూలు ఫోల్డర్, ఫోన్ ఫైల్ మేనేజర్‌లో కనపడేది. పేరు తేదీతో మొదలవుతుంది, సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. అట్లా పెడితే అవే వరుసలో కూర్చుంటాయి. "ఫైనల్" అనే మాట నిషేధం. మొదట్లో పేర్లు తెలుగులో పెట్టాను, అభిమానం కొద్దీ. ఒక పాత యాప్‌లో అన్నీ డబ్బాలుగా కనిపించాయి. ఇంకో తమాషా ఏంటంటే, ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరుకి మామూలుగా 255 బైట్లు హద్దు. తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు పడతాయి, గుణింతానికి వేరే, పొల్లుకి వేరే. "దొరవారిసత్రం" తెలుగులో 36 బైట్లు, ఇంగ్లీష్ అక్షరాల్లో 14. "స్త్రీ" అనే ఒక్క అక్షరం 18 బైట్లు. అందుకని పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో పెడుతున్నాను. లోపల ఒక టెక్స్ట్ ఫైలు తెలుగులో రాస్తున్నాను. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ రోజు, శ్రుతి ఎంత, నిమిషానికి ఎన్ని బీట్లు, ఈ పాట వాళ్ళకి ఎవరు నేర్పారు. టెక్స్ట్ ఫైలు ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. రాగి రేకు లాంటిది.

దాని పక్కన, ఏ ఎఫెక్టూ వెయ్యని పచ్చి రికార్డింగ్. ఇది ఎప్పుడూ ముట్టుకోకూడదు. కోసుకోవాలన్నా సాగదీసుకోవాలన్నా కాపీ మీదే. పాట పూర్తయ్యాక ప్రతి ట్రాకునీ విడివిడిగా వేవ్‌గా బయటికి తీసి పెట్టాలి, అన్నీ సున్నా సెకను నుంచి మొదలయ్యేట్టు. హార్మోనియం రెండో నిమిషంలో వచ్చినా, ముందు రెండు నిమిషాల నిశ్శబ్దంతో సహా. అప్పుడు యాప్ మూతపడినా, వేరే ఏ యాప్‌లో పెట్టినా అన్నీ కలిసి నిలబడతాయి. మిడి ఉంటే మిడి కూడా, అది కొన్ని కేబీలే. పెన్‌డ్రైవ్‌లో వేసుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి, ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన జిప్ పట్టదు.

అన్నీ దాచమనట్లేదు. అది ఇంకో రోగం. సగంలో వదిలేసిన టేకులు, యాప్ తనంతట తాను సేవ్ చేసిన ఇరవై కాపీలు, స్నేర్ ఒక్కటే మారిన ఏడు వెర్షన్లు, ఇవన్నీ పారేయండి. నేనిప్పుడు ఇదివరకటికన్నా ఎక్కువే తీసేస్తున్నాను. ఏది తియ్యకూడదో తెలిశాక మిగతాది తియ్యడానికి భయం ఉండదు.

ఇవన్నీ యూట్యూబ్‌లో ఎవరైనా చెప్తారు. నాకు తాత నేర్పింది వేరే. వేరేవాళ్ళ గొంతు, వేరేవాళ్ళ వాద్యం రికార్డ్ చేస్తే ఆ పచ్చి ఫైలు మొదటి కాపీ వాళ్ళకి పోవాలి. అదే రోజు. లేచి ఇంటికి వచ్చేలోపే. క్లౌడ్ తర్వాత, పెన్‌డ్రైవ్ తర్వాత. వాళ్ళకి స్మార్ట్‌ఫోన్ లేకపోతే వాళ్ళింట్లో ఎవరికో ఒకరికి ఉంటుంది. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడే ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఆ 63 ఎంబీలు నేను ఆ రాత్రే వాళ్ళ మనవడికి పంపుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

దీన్ని మంచితనంగా చెప్పట్లేదు. మనం దాన్ని "నా ప్రాజెక్ట్" అంటాం. యాప్ కూడా "మై ప్రాజెక్ట్స్" అనే రాస్తుంది. నా బీట్ నాదే. ఆయన చరణాలు నావి ఎట్లా అవుతాయి? నాకు కావలసిన ఇరవై సెకన్లు తీసుకుని మిగతా ఐదు నిమిషాల నలభై సెకన్లని "డూప్లికేట్" అన్నాను. నాకు అక్కర్లేని భాగమే ఆయనకి అసలు భాగం. మన క్లబ్‌లో కూడా ఈ మధ్య జానపదాన్ని శాంపిల్ చేసి రీల్స్ చేస్తున్నాం, బాగున్నాయి, లైకులూ వస్తున్నాయి. అమ్మమ్మల పాటలు, జాతరలో పలకలు, బుర్రకథ ముక్కలు. ఒక్కోదాంట్లో పది సెకన్లు వాడుకున్నాం. మిగతాది ఎవరి దగ్గరుందో ఎప్పుడైనా అడిగామా? మన పాటలు ఎవరిక్కావాలి, మనమేమన్నా రెహమానా అనే మాట ఒప్పుకుంటాను. నా పాట ఎవరికీ అక్కర్లేదు. తాత వచ్చి అడిగింది నా పాట కాదు కదా.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నిజం చెప్పేశాను. తాతా, అది పోయింది, నేనే తీసేశాను అన్నాను. కోప్పడతాడనుకున్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఫోను తియ్" అన్నాడు.

పెట్టె లేకుండా నోటితోనే పాడాడు. వాళ్ళింటి అరుగు మీద. పల్లవి వచ్చింది. మొదటి చరణం వచ్చింది. రెండో చరణం ఎత్తుకోగానే అది ఇంకేదో పాట వరసలోకి పోయింది. ఆయనకే తెలిసిపోయి ఆపేశాడు. "ఇది కాదబ్బయ్యా." మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే పోయింది. మూడుసార్లు ప్రయత్నించాడు, మూడోసారి సగంలో రైలు వచ్చింది. మూడో చరణం ఒక పంక్తి వచ్చింది.

మూడు టేకులూ ఉంచాను, రైలుతో సహా. టెక్స్ట్ ఫైల్లో రెండో చరణం దగ్గర "వరస గుర్తు రాలేదు, మూడు ప్రయత్నాలు" అని రాశాను. మొత్తం 14 నిమిషాలు, 150 ఎంబీ దాకా వచ్చింది. వాళ్ళ మనవడి ఫోన్‌కి డాక్యుమెంట్‌గా పంపాను. మా ఊళ్ళో సిగ్నల్ సంగతి తెలిసిందే, చాలాసేపు పట్టింది. అది పూర్తిగా చేరేదాకా అరుగు మీదే కూర్చున్నాను. వాళ్ళవ్వ టీ ఇచ్చింది. తాత భజనలో తనతో పాటు తాళాలు వేసే ఇంకొకాయన పేరు చెప్పాడు, ఆయన ఇప్పుడు సూళ్ళూరుపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడట. రెండో చరణం ఆయనకి తెలిసుండొచ్చట. ఈ సెమిస్టర్ పరీక్షలు అయ్యాక పోవాలి.